మావయ్య తెచ్చిన నీళ్ళు

ఒక మనిషిని క్షమించిన పాపం నన్ను ఏళ్ళ తరబడి తింటోంది. మీరు సరిగ్గానే చదివారు, క్షమించిన పాపమే. నేను చేసిన తప్పులు ఇంకా ఉన్నాయి, కానీ అవి చాలావరకు అందరూ చేసేవే. ఇది వేరు. గుండెల మీద బండలా ఉందని రాద్దామనుకున్నాను గానీ అది నిజం కాదు. బండ అయితే ఒకచోట పడి ఉంటుంది. ఇది కదులుతుంది. నేను నవ్వుతున్నప్పుడు కదులుతుంది. నా భార్య నలుగురిలో నన్ను మెచ్చుకున్నప్పుడు మరీ కదులుతుంది.

ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా ఇంట్లో చేపలు మళ్ళీ చచ్చిపోయాయి. మొన్నటి తుఫానుకి విజయనగరంలో మా వీధికి కరెంటు పోయి రోజుల తరబడి రాలేదు. ఉప్పునీళ్ళ తొట్టెలో మోటారు ఆగితే చేపలకి ఊపిరాడదు. నేనూ నా భార్యా మా అమ్మాయీ వంతులేసుకుని గ్లాసుతో నీళ్ళు ఎత్తి పోస్తూ కూర్చున్నాం. అయినా ఒకటొకటిగా అన్నీ పోయాయి. ఈసారి ఎవరి తప్పూ లేదు. మా అమ్మాయి ఏడ్చి ఏడ్చి, చివరికి "మళ్ళీ పెడదాం నాన్నా" అంది. సరే అన్నాను. తొట్టె ఖాళీ చేసి ముగ్గురం కలిసి అద్దాలు కడుగుతుంటే అమ్మాయి అడిగింది.

"ఈసారి సముద్రం నీళ్ళు తెచ్చుకుందామా? అవే కదా అసలైన నీళ్ళు?"

నా భార్య స్పాంజి పక్కన పెట్టి నవ్వింది. "వద్దే తల్లీ. మీ తాత తెచ్చిన సముద్రం నీళ్ళతో ఒకసారి మన చేపలన్నీ పోయాయి. నువ్వింకా పుట్టలేదు. మీ నాన్న కాబట్టి ఆయన్ని ఒక్క మాట అనలేదు."

అమ్మాయి నావైపు చూసింది. గర్వంగా చూసింది. నేను అద్దం తుడుస్తూ ఉండిపోయాను, తుడిచినచోటే మళ్ళీ మళ్ళీ.

అందుకని రాస్తున్నాను. నా పేరు చెప్పను. నా భార్యని రత్నం అంటాను, అది ఆమె అసలు పేరు కాదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పే దమ్ము ఉంటే ఇంతదాకా వచ్చేదే కాదు.

మాది శృంగవరపుకోట దగ్గర వ్యవసాయ కుటుంబం. వరి, చెరకు, కొండవైపు కొంచెం మామిడి. పొలమూ పశువులూ అన్నయ్య చూసుకుంటాడు. నేను విజయనగరంలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్తాను. అమ్మ మా దగ్గరే ఉంటుంది. రత్నం వాళ్ళది నౌపడ అవతల, ఉప్పుమళ్ళు దాటి పోతే వచ్చే సముద్రపు ఊరు. వాళ్ళ నాన్న, అంటే మా మావయ్య, పడవేసుకుని వేటకి వెళ్ళే మనిషి. మాది ఇష్టపడి చేసుకున్న పెళ్ళి. అమ్మ ఒప్పుకుందని నలుగురికీ చెప్పుకుంటాం గానీ, అమ్మ ఊరుకుంది, అంతే. ఊరుకోవడంలో ఎంత విషం ఉంటుందో మా ఇంట్లో ఉన్నవాళ్ళకి తెలుసు.

పెళ్ళయిన కొత్తలో నాకు ఉప్పునీళ్ళ చేపల పిచ్చి పట్టింది. మామూలు చేపలు చూసినవాళ్ళకి ఆ రంగులు కల్లో కూడా రావు. ఒక నీలి చేప, నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న జంట, పెద్ద చేపల ఒంటి మీదున్న మురికిని ఏరుకు తినే ఒక ఎర్ర రొయ్య. వీటికి మన కుళాయి నీళ్ళు పనికిరావు. సముద్రపు నీళ్ళయినా కావాలి, లేదంటే ఇందుకోసమే అమ్మే ఉప్పు ప్యాకెట్టు తెచ్చి కలుపుకోవాలి. ఆ ప్యాకెట్టు విశాఖపట్నం నించి తెప్పించాలని మాటల్లో అంటే మావయ్య పగలబడి నవ్వాడు.

"సంద్రం నీలకి ప్యాకెట్టేటి బావూ? నా ఇంటెనకాతల ఉన్నాది కదా, ఎంత కావాల?"

అప్పటినించి ఆయన నీళ్ళు తేవడం మొదలైంది. ఒడ్డు దగ్గర నీళ్ళు బురదగా ఉంటాయని అలలు దాటి లోపలికి పోయి తెల్ల డబ్బాల్లో ముంచేవాడు. ఆ బరువు మోసుకుని నౌపడలో ప్యాసింజరు ఎక్కి, విజయనగరంలో దిగి, ఆటోలో మా గుమ్మంలోకి వచ్చేవాడు. వారం విడిచి వారం ఆదివారం. పొద్దున్నే గేటు చప్పుడైతే రత్నం చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తేది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. కూతురికి బిడ్డ పుట్టేదాకా తండ్రి ఆ ఇంట్లో చెయ్యి కడగడు. ఇప్పుడెవరూ అంతగా పట్టించుకోవడం లేదు గానీ మావయ్య పట్టించుకునేవాడు. రత్నం ఎంత బతిమాలినా మా ఇంట్లో మెతుకు ముట్టేవాడు కాదు. ఇంటినించి తెచ్చుకున్న అన్నం మూట తిరిగి వెళ్ళేటప్పుడు స్టేషన్లో విప్పుకునేవాడు. "ముందు గుంటనో గుంటడినో నా సేతిలో పెట్టు. అప్పుడు సూడు, మీ ఇంటికాడ రెండు పూట్లా తిని కూకుంతాను" అనేవాడు కూతురితో. ఆ రోజు ఏ కూర వండాలో కూడా ఆయనే చెప్పేవాడు. చింతచిగురు వేసి వండిన పచ్చి రొయ్యలు.

తినడానికి రాకూడదు. ఊరికే వచ్చి కూర్చోడానికి మా అమ్మ ముఖం అడ్డం. ఇంక కూతుర్ని చూడ్డానికి ఏ వంకతో వస్తాడు? నీళ్ళ వంకతో వచ్చేవాడు. ఆ నీళ్ళు చేపల కోసం కాదని నాకు మొదటిరోజే తెలుసు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తెలియక చేశాననే సాకు నాకు లేదు.

వచ్చి తొట్టె ముందు నేలమీద కూర్చునేవాడు. "ఇలాటియి వలలో పడితే ఏరి పారేసీవోల్లం. ఇక్కడ సూడు, ఈటికి మోటార్లు, లైట్లు" అని నవ్వేవాడు. రత్నం పక్కన కూర్చునేది. ఇద్దరూ చేపల్ని చూస్తూ ఊళ్ళో సంగతులు చెప్పుకునేవారు. నేను లోపల పేపరు చదువుకుంటూ ఉండేవాణ్ణి. నాకప్పుడు ఆయనంటే ఇష్టమే. ఎవరూ చూడనప్పుడు ఇష్టమే.

ఒక ఆదివారం మా ప్రిన్సిపాల్ తన భార్యని తీసుకుని తొట్టె చూడ్డానికి వచ్చాడు. మావయ్య అప్పుడే నీళ్ళు దించి, లుంగీ ఎగ్గట్టుకుని తడి చేతులతో నేలమీద ఉన్నాడు. రత్నం వంటింట్లో ఉంది. ప్రిన్సిపాల్ ఆయన్నీ డబ్బాల్నీ చూసి "నీళ్ళేసే మనిషా?" అని నన్ను అడిగాడు. అడగడంలో ఏ దురుద్దేశమూ లేదు. ఈయన మా మావగారు అంటే సరిపోయేది. నేను "అవునండీ" అన్నాను. ఆ మాట నోరు జారి వచ్చింది కాదు. ప్రిన్సిపాల్ భార్య పట్టుచీర చూశాను, మావయ్య తడి లుంగీ చూశాను, అప్పుడన్నాను.

మావయ్య విన్నాడు. లేచి ఖాళీ డబ్బాలు రెండు చేతుల్లోకి తీసుకుని "మరి ఎల్తానండి" అన్నాడు నాతో. అంతకుముందు ఎప్పుడూ నన్ను అండి అనలేదు. నా పరువు కాపాడ్డానికి నేనిచ్చిన వేషం వేసుకుని, కూతురితో చెప్పకుండా వెళ్ళిపోయాడు. రత్నం కాఫీలు తెచ్చి "నాన్నేరీ?" అంటే "రైలుకి టైమైందట" అన్నాను. ఆయన ఆమెకి ఎప్పటికీ చెప్పలేదు.

కానీ ఆ తర్వాత వచ్చినప్పుడల్లా గేటు బయట ఆగి, మా గుమ్మంలో చెప్పులు చూసి, "లోపల ఎవులైనా ఉన్నారేటి బావూ?" అని అడిగి, లేరంటేనే వచ్చేవాడు. ఆయన మామూలుగానే అడిగేవాడు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టుండేది. మనల్ని సిగ్గుపడేలా చేసే మనిషిని మనం ఎంతకాలం భరిస్తాం? మనం మారడం కంటే ఆ మనిషి రాకుండా పోవడం తేలిక కదా? ఆయన రాకపోతే బాగుండునని నేను అనుకోవడం అప్పుడే మొదలైంది. పైకి అనలేదు. నాకు మంచివాడనిపించుకోవడం చిన్నప్పటినించీ బాగా వచ్చు.

ఆ రోజుల్లోనే చేపలకి జబ్బు చేసింది. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు. రాళ్ళకేసి ఒళ్ళు రుద్దుకునేవి. రాగి కలిసిన మందు వేస్తే పోతుందని ఎక్కడో చదివాను. ఆ మందు విజయనగరంలో దొరకలేదు. దొరక్కపోతే తెప్పించుకోవాలి, లేదా ఊరుకోవాలి. కానీ నేను రైతు కొడుకుని. రాగి అనగానే నాకు మైలతుత్తం గుర్తొచ్చింది. మా పశువులశాలలో చూరు కింద ఎప్పుడూ ఒక పొట్లం ఉంటుంది, నీలం రంగు పలుకులు. మొక్కలకి తెగులొస్తే అదే, ఎద్దులకి గిట్టలు పుండైతే అదే. మా నాన్న దేనికైనా అదే వాడేవాడు, అన్నయ్యా అంతే. ఎద్దు గిట్టకి పనికొచ్చింది నా చిటికెనవేలంత చేపకి పనికిరాదా? ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తోంది, నవ్వాల్సిన సంగతి కాకపోయినా.

ఆ శనివారం ఊరెళ్ళి పొట్లం తెచ్చాను. ఎవరికీ చెప్పలేదు. ఆదివారం మావయ్య వచ్చాడు, తొట్టెలో పాత నీళ్ళు కొంత తీసి కొత్త నీళ్ళు పోశాం. "తగ్గిపోతాదిలే అమ్మా" అని కూతురికి ధైర్యం చెప్పి వెళ్ళాడు. సోమవారం పొద్దున రత్నం తను పాఠాలు చెప్పే స్కూలుకి వెళ్ళాక, అమ్మ స్నానానికి వెళ్ళాక, చెంచాతో తుత్తం గ్లాసుడు నీళ్ళలో కరిగించాను. ఎంత వెయ్యాలో తెలియదు. లెక్కల మాస్టారు ఉజ్జాయింపుగా వేశాడు. నీళ్ళు కాసేపు లేతనీలంగా తిరిగి తేటపడ్డాయి. చెంచా కడిగి కాలేజీకి పోయాను.

సాయంత్రం నాకంటే ముందు రత్నం ఇంటికొచ్చింది. నేను వచ్చేసరికి తొట్టె ముందు నిలబడి ఉంది. రొయ్య అడుగున తెల్లగా పడి ఉంది. జంట చేపలు పైకి తేలి, మోటారు తోసినవైపల్లా కొట్టుకుపోతున్నాయి. నీలి చేప ఒక్కటే ఇంకా నోరు తెరుస్తూ ఉంది, మేం చూస్తుండగా అదీ ఆగిపోయింది. రత్నం నా చొక్కా పట్టుకుని ఏడ్చింది. "ఏమైంది వీటికి? పొద్దున్న బాగానే ఉన్నాయి కదా?"

చెప్పడానికి నాకు చాలినంత సమయం ఉంది. బూట్లు విప్పుకుంటున్నాను. ఒక బూటు విప్పేటప్పుడు చెప్పేద్దామనుకున్నాను. రెండోది విప్పేలోపు ఇంకోటి తట్టింది.

"నిన్ననే కదా నీళ్ళు మార్చాం" అన్నాను.

అంతే. మావయ్య పేరు ఎత్తలేదు. ఎత్తక్కర్లేదని తెలుసు. వెనకనించి అమ్మ అందుకుంది. "ఆ నీలేటో, ఎక్కడ ముంచినాడో! పడవలో నూనె, సేపల కుల్లు, అన్నీ అందులోనే కదా. సెప్తే ఇన్నారా?" నేను అమ్మని కసిరాను. "ఊరుకో అమ్మా, పాపం ఆయనకేం తెలుసు" అన్నాను. చూశారా? నింద నేనే వేసి, నేనే ఆయన తరఫున మాట్లాడాను. రత్నం అప్పుడు నన్ను చూసిన చూపులో కృతజ్ఞత ఉంది.

చంపాలని తుత్తం వేశానా? లేదు. ప్రమాణం చేసి చెప్తాను, బతికించాలనే వేశాను. అక్కడితో ఆగితే ఇది ఒక తెలివితక్కువవాడి కథ అయ్యేది. చేపల్ని పొరపాటున చంపాను. మావయ్యని మాత్రం తెలిసే, బూట్లు విప్పుకుంటూ చంపాను.

రత్నం తండ్రికి ఫోను చేసింది. ఆమె ఆయనతో అలా మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. "ఏ డబ్బాలు తెచ్చినావు నానా? డీజిలు డబ్బాలా? అన్నీ సచ్చిపోనాయి. ఇక్కడ అత్తయ్య మాటలు నాను పడాల." ముందు ఆయన కాదన్నాడట. డబ్బాలు మంచివే అన్నాడట. మర్నాడు తనే ఫోను చేసి, ఆ రోజు పక్కన ఇంజను పడవ పోయిందేమో, నూనె తెట్టు కట్టిందేమో, తను చూసుకోలేదేమో అన్నాడు. ఆ తర్వాత ఇంకేదో కారణం చెప్పాడు. లేని తప్పు వెతుక్కున్నాడు, దొరక్కపోతే తయారుచేసుకున్నాడు. రత్నం ఆ మాటలు నాకు చెప్తుంటే నేను తల ఊపుతూ విన్నాను.

తర్వాతి ఆదివారం ఆయన వచ్చాడు. గేటు బయటే ఆగాడు. ఎవరైనా ఉన్నారా అని ఈసారి అడగలేదు. చేతుల్లో మూతలు బిగించిన కొత్త డబ్బాలు.

"కొత్తయి కొన్నాను బావూ. ఇంజను పడవలెల్లని కాడికెల్లి ముంచినాను. నీలు సూడు, అద్దంలాగున్నాయి. మళ్ళా తొట్టి పెడతారు కదా, ఈటితో పెట్టండి."

నీళ్ళు నిజంగానే అద్దంలా ఉన్నాయి. వాటిని చూడగానే నాకు భయమేసింది. ఎందుకో మీకీపాటికి అర్థమై ఉంటుంది. ఆ నీళ్ళు పోసి మళ్ళీ మొదలుపెడితే చేపలు బతుకుతాయి. బతికితే మొదటిసారి ఎందుకు చచ్చాయని ఎవరైనా అడుగుతారు. ఆయన నీళ్ళు మా తొట్టెలోకి రాకూడదు. ఇంకెప్పుడూ రాకూడదు.

"వద్దు మావయ్యా. ఇకమీదట ప్యాకెట్టు ఉప్పే" అన్నాను. చాలా మర్యాదగా అన్నాను.

"ఒక్క డబ్బా ఉంచు బావూ. ఇంత దూరం తెచ్చినాను."

ఆయన చేతుల్లోంచి డబ్బాలు తీసుకున్నాను. మూతలు విప్పాను. గేటు పక్కనున్న మురిక్కాలవలోకి ఆయన చూస్తుండగా వంచాను. ఒకటి అయ్యాక ఇంకోటి. కాలవ నిండా నురగ కట్టింది. కిటికీలోంచి అమ్మ చూస్తోంది. రత్నం గుమ్మంలో నిలబడి ఉంది. ఆపుతుందేమో అనుకున్నాను. ఆపి ఉంటే ఏం చేసేవాణ్ణో తెలియదు. ఆమె నేలచూపులు చూస్తూ "ఎల్లు నానా, బండి టైమైపోతాది" అంది.

మావయ్య ఖాళీ డబ్బాలకి మూతలు బిగించుకున్నాడు. "నీ సేతికి తడయిపోనాది బావూ, తుడుసుకో" అని భుజం మీది తువ్వాలు ఇచ్చాడు. తుడుచుకుని తిరిగి ఇచ్చాను.

ఇక తొట్టె మళ్ళీ పెట్టడం గురించి చెప్పాలి. నా జీవితంలో అంత శ్రద్ధగా చేసిన పని ఇంకోటి లేదు. రాగి రాళ్ళలోకీ ఇసకలోకీ ఇంకిపోయి తర్వాత కూడా ప్రాణాలు తీస్తుందని అప్పుడు తెలుసుకున్నాను. అందుకని రాళ్ళన్నీ, ఇసకంతా చెత్తబండికి ఎత్తేశాను. రత్నం అడిగితే "అవి కూడా ఆ నీళ్ళలో నానినవే కదా" అన్నాను. అద్దాలు వెనిగరుతో కడిగాను. కొత్త రాళ్ళు తెప్పించాను. శుభ్రం చేసిన నీళ్ళలో ప్యాకెట్టు ఉప్పు కలిపి, మోటారు పెట్టి, చేపలు లేకుండా వారాల తరబడి ఖాళీ నీళ్ళు తిప్పాను. నీళ్ళు కుదురుకునేదాకా ప్రాణిని వెయ్యకూడదు. రోజూ పరీక్ష చేసి చూసేవాణ్ణి. ముందు ఒక్క నీలి చేపని వేశాను. అది బతికింది. తర్వాత చారల జంట, తర్వాత రొయ్య. అన్నీ బతికాయి. రోజురోజుకీ రంగు తేలాయి.

చూడవచ్చినవాళ్ళకి నేనే కథలా చెప్పేవాణ్ణి, ముందు సముద్రం నీళ్ళతో ఎలా పోయాయో, ఇప్పుడు ప్యాకెట్టు ఉప్పుతో ఎలా ఉన్నాయో. చేపలు బతికిన ప్రతిరోజూ మావయ్య తప్పు రుజువవుతూ వచ్చింది. వాటిని నేను అంత ప్రేమగా పెంచింది అందుకేనా అని ఇప్పుడు అనుమానం. ఒకరోజు తొట్టె ఫొటో తీసి ఆయన ఫోనుకి పంపాను. కింద "ప్యాకెట్ ఉప్పు నీళ్ళు, అన్నీ బాగున్నాయి" అని రాశాను. ఆయనకి చదవడం రాదు. ఎవరిచేతనో చదివించుకుని ఉంటాడు. అది పంపాల్సిన అవసరం ఏమొచ్చింది నాకు? ఆయన అప్పటికే రావడం మానేశాడు. నేను గెలిచేశాను. అయినా పంపాను.

మరుసటి ఏడాది అమ్మాయి పుట్టింది. ఇంక ఆయన మా ఇంట్లో చెయ్యి కడగొచ్చు. బారసాలకి కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. మనవరాల్ని ఎత్తుకున్నాడు. రత్నం పొద్దున్నే లేచి చింతచిగురు రొయ్యలు తన చేత్తో వండింది. హాల్లో చుట్టాలు కూర్చుని ఉన్నారు. ఆయన పాపని ఎత్తుకుని అటూ ఇటూ తిరుగుతుంటే మా అమ్మ ఆయనతో అందరికీ వినబడేలా "అన్నయ్యా, ఎక్కడికైనా ఎల్లు గానీ ఆ తొట్టి కాడికి మాత్రం ఎల్లకు!" అంది. అందరూ నవ్వారు. కథ అందరికీ తెలుసు కదా, నేనే చెప్పాను. ఆయనా నవ్వాడు. నేనూ నవ్వాను. కాసేపటికి పాపని రత్నం చేతికిచ్చి, గోడవారగా కూర్చున్నాడు. విస్తళ్ళు వేసేసరికి లేడు. రత్నం వీధి చివరిదాకా వెళ్ళి చూసొచ్చింది. తర్వాత ఫోనులో అడిగితే "నా సెయ్యి మంచిది కాదమ్మా, సుభం జరిగిన కాడ ఎందుకు" అన్నాడట. ఆ కూర రాత్రి నేను తిన్నాను. బాగుంది.

తర్వాత కూడా ఎన్నోసార్లు పిలిచాం. రానని అనేవాడు కాదు, వచ్చేవాడు కాదు. మేం వాళ్ళ ఊరు వెళ్తే కుర్చీ తుడిచి వేసేవాడు.

అమ్మాయి బడికి వెళ్ళే వయసొచ్చాక ఆయనకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. శ్రీకాకుళంలో ఆసుపత్రిలో పెట్టారు. రత్నం, నేను వెళ్ళాం. మధ్యాహ్నం, వార్డులో ఉక్కగా ఉంది. రత్నం కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు పడుతోంది. ఆయన నన్ను దగ్గరికి రమ్మని చెయ్యి ఊపాడు.

"బావూ."

"చెప్పండి మావయ్యా."

"సేపలున్నాయా?"

"ఉన్నాయి."

"బాగున్నాయా?"

"బాగున్నాయి."

"ప్యాకెట్టు ఉప్పేనా?"

"అవును."

"అదే మంచిది." కాసేపు ఆయాసపడ్డాడు. "నా నీల్లో ఏటున్నాదో నాకు తెలీలేదు బావూ. ఎంత ఆలోసించినా తెలీలేదు. తెలిస్తే తెద్దునా? నా కూతురింటికి ఇషం మోసుకొస్తానా? నన్ను సెమించీ బావూ."

రత్నం పాదాలు పట్టడం ఆపి నావైపు చూసింది. వంగి ఆయన చెవిలో చెప్తే చాలు. రత్నానికి కూడా వినబడదు. తుత్తం నేనేశాను మావయ్యా. ఇంతే. ఆ మాట నోటిదాకా వచ్చిందని రాస్తే మీరు నన్ను కొంచెం మెచ్చుకుంటారు. రాలేదు. నాకొచ్చింది వేరే మాట.

"క్షమించాను మావయ్యా. అవన్నీ నేనెప్పుడో మర్చిపోయాను."

ఆయన ముఖం తేలికపడింది. నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆ కళ్ళ తడి నా వేళ్ళకి అంటింది. ఈసారి నేను తుడుచుకోలేదు, అందరూ చూస్తున్నారని. తర్వాత కొద్దిరోజులకి పోయాడు. మా ఇంట్లో ఒక్క మెతుకు తినకుండా పోయాడు. ఆ రోజు వార్డు బయటికి వచ్చాక రత్నం నా భుజం మీద తల పెట్టుకుని "మీది పెద్ద మనసు" అంది. నేను ఆమె వీపు నిమిరాను.

ఆయనకి మనశ్శాంతి ఇచ్చాను కదా, నిజం చెప్పి ఏం బావుకునేవాణ్ణి అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. కుదరలేదు. ఆయన మనశ్శాంతిని ముందు లాక్కున్నది నేనే. రత్నానికి చెప్పకపోవడానికి ఇంకో సాకు ఉంది. చెప్తే, తండ్రిని ఫోనులో అన్న మాటలూ, గుమ్మంలో నిలబడి వెళ్ళమన్న మాటా ఆమెని బతకనివ్వవు, అందుకే ఆమె కోసమే దాస్తున్నాను అని. ఇది వినడానికి బాగుంటుంది. కానీ ఆమె నన్ను ఎలా చూస్తుందోనని తప్ప నాకు ఏనాడూ వేరే భయం లేదు.

హాల్లో తొట్టె తయారైంది. ప్యాకెట్టు ఉప్పు కలిపిన నీళ్ళు, మోటారు తిరుగుతోంది, చేపలు లేవు. మా అమ్మాయి బడినించి వచ్చి ఆ ఖాళీ నీళ్ళ ముందే కూర్చుంటోంది, వాళ్ళ తాత కూర్చున్నచోటే. ఎప్పుడు వేద్దాం నాన్నా అని అడుగుతోంది. నీళ్ళు కుదురుకోనీ అంటున్నాను. నిన్న దాని స్నేహితురాలు వస్తే, మా తాత ఒకసారి చేపలన్నిటినీ చంపేశాడు తెలుసా అని నవ్వుతూ చెప్పింది. నేను పక్కగదిలో ఉన్నాను. దిద్దలేదు.

ఇవాళ కూడా దిద్దను. నా సంగతి నాకు తెలుసు. రేపు రత్నం మళ్ళీ నన్ను మెచ్చుకుంటుంది, నేను మళ్ళీ తల దించుకుంటాను, అది అణకువ అనుకుంటారు. మీరు నన్ను క్షమించవద్దు. ఆ మాట ఎంత చవకో నాకు తెలుసు, నేను వాడాను కదా. మీతో చెప్పాక కొంచెం తేలికగా ఉంది, ఆ తేలిక కూడా నాకు దక్కాల్సింది కాదు. అయినా రాసేస్తున్నాను, ఒక్కచోటైనా ఉండాలి.

తుత్తం వేసింది నేను. ఆయన నీళ్ళలో ఏ దోషమూ లేదు.